ఒకే సర్వర్, ఎన్నో ఆపరేటింగ్ సిస్టమ్‌లు: ఆ ఖర్చు ఎవరిది?

ఓపెన్ సోర్స్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము ఉండదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను, అపాచీ వెబ్ సర్వర్‌ను, గ్రంథాలయాలు వాడే కోహాను ఎవరైనా దించుకుని పెట్టుకోవచ్చు. కోడ్ చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే రుసుము లేకపోవడం వేరు, ఖర్చు లేకపోవడం వేరు. ఆ సాఫ్ట్‌వేర్ రకరకాల యంత్రాల మీద ఆగకుండా నడవాలంటే ఎవరో ఒకరు దాన్ని ప్రతి రకం మీదా పరీక్షించాలి, చెడిన చోట బాగుచేయాలి, ఆ పని ఏటేటా చేస్తూనే ఉండాలి. ఈ శ్రమలో పెద్ద వాటా ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య ఉన్న తేడాల వల్ల వచ్చేదే. లినక్స్, విండోస్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ, ఏఐఎక్స్ అన్నీ ఒకే పనులు చేసిపెడతాయి గానీ ఒక్కొక్కటి ఒక్కో తీరుగా చేస్తుంది.

ఈ ఖర్చు ప్రోగ్రామర్ల గదుల్లోనే ఆగిపోదు. కర్ణాటక ఉత్తరపు కొసన, తెలంగాణను ఆనుకుని ఉన్న బీదర్ లాంటి జిల్లా కేంద్రం దాకా వస్తుంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న ఆ ప్రాంతంలో కన్నడం, తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. పశువైద్య విశ్వవిద్యాలయం, ఇంజినీరింగ్ కళాశాలలు, వైద్య కళాశాల ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో ఒక కళాశాల గ్రంథాలయం తన పుస్తకాల జాబితాను ఓపెన్ సోర్స్ సర్వర్ మీదికి ఎక్కించాలనుకుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న ధర గురించి కాదు. ఉన్న కంప్యూటర్లో విండోస్ ఉంది, సాఫ్ట్‌వేర్ లినక్స్ అడుగుతోంది, ఇప్పుడేం చేయాలన్నదే ఆ ప్రశ్న. సాఫ్ట్‌వేర్ లినక్స్‌నే ఎందుకు అడుగుతోందో తెలియాలంటే సర్వర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్‌తో ఎక్కడెక్కడ పని పడుతుందో చూడాలి.

ప్రాసెస్‌లు పుట్టే తీరు

సర్వర్ అంటే ఎందరో ఒకేసారి అడిగే పనులను విడివిడిగా చేసిపెట్టే ప్రోగ్రామ్. యూనిక్స్ కుటుంబంలో ఇందుకు ఫోర్క్ అనే సిస్టమ్ కాల్ ఉంది. నడుస్తున్న ప్రోగ్రామ్ ఫోర్క్ అనగానే దాని ప్రతిరూపం ఒకటి పుడుతుంది. తల్లి ప్రాసెస్ జ్ఞాపకంలో ఉన్నదంతా పిల్ల ప్రాసెస్‌కు అప్పటికప్పుడే అందుతుంది. పోస్ట్‌గ్రెస్ దీని మీదే కట్టిన డేటాబేస్. కొత్త కనెక్షన్ వచ్చిన ప్రతిసారీ ప్రధాన ప్రాసెస్ ఫోర్క్ చేస్తుంది, పుట్టిన పిల్ల ఆ ఒక్కరి పని చూసుకుంటుంది.

విండోస్‌లో ప్రోగ్రామ్‌లకు ఫోర్క్ అందుబాటులో లేదు. అక్కడ కొత్త ప్రాసెస్ అంటే మొదటి నుంచి మొదలుపెట్టడమే. పోస్ట్‌గ్రెస్ విండోస్ మీద నేరుగా నడవడం 2005 జనవరిలో వచ్చిన 8.0 వెర్షన్‌తో మొదలైంది. అందుకోసం డెవలపర్లు ఇంకో దారి వేయవలసి వచ్చింది: తల్లి ప్రాసెస్ తన దగ్గరున్న ముఖ్యమైన విలువలన్నిటినీ మూటగట్టి అందిస్తే, కొత్తగా మొదలైన పిల్ల వాటిని విప్పుకుని, పంచుకునే జ్ఞాపకాన్ని సరిగ్గా అదే చిరునామాలో తగిలించుకుని పనిలోకి దిగుతుంది. అప్పటి నుంచి ప్రధాన ప్రాసెస్‌లో ఎవరు కొత్త విలువ చేర్చినా, విండోస్ మూటలో దానికి చోటు ఇచ్చామా అని ఆలోచించాలి. చాలామంది డెవలపర్ల దగ్గర విండోస్ ఉండదు కాబట్టి, అదే దారిని లినక్స్ మీద కూడా నడిపి చూసుకునే ఏర్పాటును కోడ్‌లోనే పెట్టుకున్నారు. ఒకసారి రాసి మరిచిపోయే పని కాదిది. ఇరవై ఏళ్లుగా ప్రతి మార్పు మీదా పడుతున్న చిన్న పన్ను.

రెడిస్ మరో దారి పట్టింది. 2009లో సాల్వతోరే సాన్‌ఫిలిప్పో విడుదల చేసిన ఈ డేటాబేస్ సమాచారాన్ని జ్ఞాపకంలోనే ఉంచుకుని, అప్పుడప్పుడు దాని నకలును డిస్కు మీద రాస్తుంది. నకలు రాయడానికి అది ఫోర్క్‌నే నమ్ముకుంది: పిల్ల ప్రాసెస్ ఆ క్షణంలో ఉన్న సమాచారాన్ని తీరిగ్గా రాస్తుంటే, తల్లి ఆగకుండా కొత్త అభ్యర్థనలకు జవాబిస్తూ ఉంటుంది. విండోస్ కోసం ఈ అమరికను మార్చే బదులు, ప్రధాన కోడ్‌ను యూనిక్స్ తరహా వ్యవస్థలకే పరిమితం చేశారు. మైక్రోసాఫ్ట్‌కు చెందిన ఒక బృందం విండోస్ రూపాన్ని విడిగా నడిపింది. కానీ విడిగా నడిచేది ప్రధాన ప్రాజెక్టు వేగాన్ని అందుకుంటూ ఉండాలి. ఆ రూపం 2016లో ఆగిపోయింది. అసలు రెడిస్ ముందుకు సాగింది. మద్దతు ఇచ్చే మనుషులు తప్పుకుంటే ఒక వేదిక, అంటే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీది రూపం, ఎంత త్వరగా వెనకబడిపోతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఫైలు రాశామంటే రాసినట్టేనా

రెండో తేడా ఫైళ్ల దగ్గర వస్తుంది. లినక్స్‌లో ఒక ఫైలును ఎవరో తెరిచి ఉంచినా ఇంకొకరు దాని పేరు మార్చవచ్చు, తీసేయవచ్చు. విండోస్‌లో అలా కుదరాలంటే ఆ ఫైలును తెరిచిన ప్రోగ్రామ్ ముందే అనుమతి ఇచ్చి ఉండాలి. పోస్ట్‌గ్రెస్ తన వంతుగా ఆ అనుమతి ఇస్తుంది. కానీ అదే సమయంలో యాంటీవైరస్ ప్రోగ్రామ్ ఆ ఫైలును పరీక్షిస్తూ ఉండవచ్చు. అందుకే విండోస్ కోసం రాసిన భాగంలో ఒక చక్రం కనిపిస్తుంది: పేరు మార్చడం కుదరకపోతే సెకనులో పదో వంతు ఆగి మళ్లీ ప్రయత్నించు, అలా వంద సార్లు, అంటే దాదాపు పది సెకన్ల దాకా. ఆ నాలుగైదు వరుసల కోడ్ వెనక ఎందరో వాడుకరుల ఫిర్యాదులు, ఆ ఫిర్యాదుల వెనక కారణం వెతికిన గంటలు ఉన్నాయి.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇదే రకం తేడా అక్షరాల పరిమాణం రూపంలో వస్తుంది. లినక్స్ ఫైళ్ల పేర్లలో ఇంగ్లీషు పెద్ద బడి, చిన్న బడి అక్షరాలను వేరువేరుగా చూస్తుంది, విండోస్ చూడదు. టేబుల్ పేరు ఫైలు పేరుగా మారుతుంది కాబట్టి, విండోస్ మీద చక్కగా నడిచిన ప్రోగ్రామ్ లినక్స్‌కు మారగానే ఆ పేరుతో టేబులే లేదని చెప్పవచ్చు. ఈ ఒక్క ప్రవర్తనకు మైఎస్‌క్యూఎల్‌లో మూడు వేదికలకు మూడు వేర్వేరు డిఫాల్ట్ విలువలున్నాయి: యూనిక్స్‌కు 0, విండోస్‌కు 1, మ్యాక్‌ఓఎస్‌కు 2.

అన్నిటికన్నా లోతైన తేడా 2018లో బయటపడింది. డేటాబేస్ ఒక మార్పును భద్రం చేశానని చెప్పే ముందు ఎఫ్‌సింక్ అనే కాల్ చేస్తుంది. జ్ఞాపకంలో ఉన్నదాన్ని డిస్కుకు చేర్చి, చేరిందని చెప్పమని ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్‌ను అడగడమే ఆ కాల్. డిస్కులో లోపం వచ్చి ఎఫ్‌సింక్ విఫలమైతే, కాసేపటికి మళ్లీ అడిగితే సరిపోతుందని పోస్ట్‌గ్రెస్ నమ్మింది. ఫ్రీబీఎస్‌డీలో ఆ నమ్మకం నిలుస్తుంది. రాయలేకపోయిన జ్ఞాపకపు ముక్కలను, అంటే పేజీలను, ఆ కెర్నెల్ ఇంకా రాయవలసినవిగానే ఉంచుతుంది. లినక్స్ మాత్రం లోపం సంగతి ఒకసారి చెప్పి, ఆ పేజీలను రాసేసినట్టుగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి అడిగితే అంతా బాగుందనే చెబుతుంది, సమాచారం మాత్రం డిస్కు మీద ఉండదు. దాదాపు ఇరవై ఏళ్లుగా కోడ్‌లో ఉన్న నమ్మకం ఎక్కువమంది వాడే వేదిక మీదే తప్పని తేలింది. 2019 ఫిబ్రవరిలో, అప్పటికి మద్దతు ఉన్న అన్ని వెర్షన్లలోనూ ప్రవర్తన మార్చారు: ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేస్ వెంటనే ఆగిపోయి, ముందుగా రాసిపెట్టుకున్న లాగ్ నుంచి కోలుకోవాలి. మ్యాక్‌ఓఎస్‌లో సంగతి మరొకటి. అక్కడ మామూలు ఎఫ్‌సింక్ డిస్కు సొంత జ్ఞాపకాన్ని ఖాళీ చేయించదు. అందుకు వేరే ఆదేశం ఉంది. ఒకే పేరున్న ఒకే కాల్‌కు మూడు చోట్ల మూడు అర్థాలున్నాయన్నమాట.

వేల కనెక్షన్లు

మూడో తేడా నెట్‌వర్క్ దగ్గర ఉంది. పది వేల కనెక్షన్లు తెరిచి ఉన్నప్పుడు వాటిలో ఏది కదిలిందో తెలుసుకోవడానికి ఒక్కో వ్యవస్థ ఒక్కో సాధనం ఇచ్చింది. ఫ్రీబీఎస్‌డీకి 2000లో కేక్యూ, లినక్స్ 2.6 కెర్నెల్‌కు ఈపోల్, విండోస్ ఎన్‌టీకి అంతకు ముందే 1990ల నుంచి ఐఓసీపీ. వీటి తేడా పేర్లతో ఆగదు. ఈపోల్, కేక్యూ రెండూ చదవడానికి సమాచారం సిద్ధంగా ఉందని చెబుతాయి. చదివే పని ప్రోగ్రామ్‌దే. ఐఓసీపీ చదవమని ముందే చెప్పించుకుని, చదవడం పూర్తయిందని తరవాత చెబుతుంది. ఒకదాన్ని మనసులో పెట్టుకుని కట్టిన సర్వర్‌ను రెండోదానికి మార్చాలంటే లోపలి అమరికంతా తిరగరాయాలి.

ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ తిరగరాయకుండా ఉండే దారి ఎంచుకుంది. దాని విండోస్ రూపం ఉంది, కానీ పాత పద్ధతుల మీద మాత్రమే నడుస్తుంది. ఎన్ని పని ప్రాసెస్‌లు మొదలుపెట్టినా నిజంగా పనిచేసేది ఒక్కటే. దాన్ని ఇంకా పరీక్ష దశలో ఉన్న బీటాగానే భావించాలని ప్రాజెక్టు పత్రాలే చెబుతాయి. నోడ్.జేఎస్ మాత్రం ఖర్చు పెట్టింది. 2011లో మైక్రోసాఫ్ట్ సహకారంతో లిబ్‌యూవీ అనే లైబ్రరీని కట్టి, లోపల లినక్స్‌కు ఒక దారి, విండోస్‌కు ఒక దారి వేసి, పైన ప్రోగ్రామర్‌కు ఒకే ముఖం చూపించింది. ఈనాటికీ ఇదే ప్రశ్న కొత్త రూపాల్లో వస్తోంది. 2025లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 18 డిస్కు నుంచి చదివే పనులను వేచి ఉండకుండా చేసే ఏర్పాటు తెచ్చింది. లినక్స్‌లోని ఐఓ యూరింగ్ సౌకర్యాన్ని వాడుకునే దారి ఒకటి పెట్టి, అది లేని వ్యవస్థల్లోనూ నడిచేలా సహాయక ప్రాసెస్‌లతో ఇంకో దారి రాశారు. డిఫాల్ట్‌గా ఉంచింది అన్ని చోట్లా నడిచే రెండోదాన్నే.

అక్షర క్రమం

నాలుగో తేడా తెలుగు పాఠకులకు నేరుగా తగిలేది. కళ, కవి అనే రెండు మాటల్లో ఏది ముందు రావాలి? బడిలో నేర్చుకునే వర్ణమాలలో ళ అక్షరం హ తరవాత వస్తుంది కాబట్టి కవి ముందు. యూనికోడ్ సంఖ్యల వరసలో ళ అక్షరం ల పక్కనే, వ కన్నా ముందు ఉంది కాబట్టి కళ ముందు. ఏ వరస పాటించాలో చెప్పే నియమాల పట్టికను పోస్ట్‌గ్రెస్ చాలాకాలం ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే తీసుకుంది. కాబట్టి ఒకే జాబితా లినక్స్‌లో ఒక వరసలో, మ్యాక్‌ఓఎస్‌లో మరో వరసలో రావచ్చు.

వరస మారితే చూపులో తేడా వస్తుంది, అంతే కదా అనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇండెక్స్‌లో ఉంది. డేటాబేస్ ఇండెక్స్ నిఘంటువు లాంటిది. మాటలు వరసలో ఉన్నాయన్న నమ్మకంతోనే మధ్యలో తెరిచి, ముందుకో వెనక్కో వెళ్తుంది. 2018 ఆగస్టులో చాలా లినక్స్ వ్యవస్థలకు ప్రాణం లాంటి జీలిబ్‌సీ లైబ్రరీ 2.28 వెర్షన్ విడుదలైంది. అందులో అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గట్టు వరస నియమాలు పెద్ద ఎత్తున మారాయి. పాత నియమాలతో కట్టిన ఇండెక్స్ కొత్త నియమాలతో వెతకగానే తప్పు దారిలోకి వెళ్తుంది: ఉన్న రికార్డు లేదంటుంది, ఒకటే ఉండవలసిన చోట రెండోదాన్ని చేరనిస్తుంది. లినక్స్ పంపిణీలైన డెబియన్ 10కో రెడ్‌హ్యాట్ 8కో ఫైళ్లను యథాతథంగా తీసుకెళ్లిన పోస్ట్‌గ్రెస్ నిర్వాహకులు చాలామంది ఇండెక్స్‌లను తిరిగి కట్టుకోవలసి వచ్చింది. సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన పత్రాలు దాచే డీస్పేస్ లాంటి సాఫ్ట్‌వేర్లు పోస్ట్‌గ్రెస్ మీదే నడుస్తాయి. నాలుగు లిపుల పత్రాలను అలాంటి సాఫ్ట్‌వేర్‌లో దాచే బీదర్ గ్రంథాలయంలో ఇలాంటి తప్పు జరిగితే దాచిన పత్రం తెర మీద లేదని వస్తుంది, కారణం ఎవరికీ తోచదు.

ఈ ఆధారపడటం తగ్గించడానికి పోస్ట్‌గ్రెస్ 2017లో ఐసీయూ అనే స్వతంత్ర లైబ్రరీకి మద్దతు ఇచ్చింది, 2022 నుంచి మొత్తం డేటాబేస్‌కే దాన్ని ఎంచుకునే వీలు కల్పించింది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ మొదటి నుంచీ వరస పట్టికలను తమతోనే మోసుకొస్తాయి. అన్ని వేదికల మీదా ఒకే ఫలితం వస్తుంది. ప్రపంచ భాషలన్నిటి పట్టికలనూ చూసుకునే భారం మాత్రం డేటాబేస్ ప్రాజెక్టు మీదే పడుతుంది.

మధ్య పొరలు

ఇన్ని తేడాలను ప్రతి ప్రోగ్రామూ విడివిడిగా మోయకుండా మధ్యలో ఒక పొర పెట్టడం పాత ఉపాయం. 2002లో వచ్చిన అపాచీ 2.0 తేడాలన్నిటినీ ఏపీఆర్ అనే లైబ్రరీలోకి నెట్టి, ప్రాసెస్‌లను నడిపే భాగాన్ని వేదికను బట్టి మార్చుకునే మాడ్యూల్‌గా చేసింది. జావా ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లింది. జావాలో రాసిన సర్వర్‌కు కింద ఏ వ్యవస్థ ఉందో చాలావరకు పట్టదు. ఖర్చు మాయం కాదు, జావా యంత్రాన్ని నిలబెట్టేవారి మీదికి మారుతుంది. వేలాది ప్రాజెక్టుల తరఫున ఒకరే మోస్తారు కాబట్టి మొత్తం మీద ఆదా.

పొర పాతబడితే అదే ప్రమాదమవుతుంది. ఇంటర్నెట్ భద్రతకు ఆధారమైన ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్, కొన్ని వ్యవస్థల్లో జ్ఞాపకం కేటాయించే పద్ధతి నెమ్మది అన్న కారణంతో సొంత కేటాయింపు పొరను పెట్టుకుంది. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, ఆధునిక వ్యవస్థల్లో ఉన్న రక్షణలను ఆ పొరే అడ్డుకుందని తేలింది. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ బృందం వెంటనే లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ పేరుతో వేరు శాఖ మొదలుపెట్టి, మొదటి వారంలోనే 90,000 వరుసలకు పైగా సీ కోడ్ తీసేసింది. అందులో చాలా భాగం దాదాపు ఎవరూ వాడని పాత వ్యవస్థల కోసం ఉంచినది. లోకమంతా ఆధారపడ్డ ఆ ప్రాజెక్టుకు అప్పటికి ఏటా వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. తీసేయడానికి కూడా మనుషులు కావాలి; ఆ మనుషులే లేరు.

నిర్మాణ స్క్రిప్టులూ ఇలాంటి పొరే. ఏ వ్యవస్థలో ఏ సౌకర్యం ఉందో కనిపెట్టడానికి అనేక ప్రాజెక్టులు వేల వరుసల స్క్రిప్టులు మోస్తాయి, వాటిని పట్టి చదివేవారు అరుదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో దొంగదారి పెట్టినవారు దాన్ని మొదలుపెట్టే వరుసలను దాచింది అలాంటి స్క్రిప్టులోనే. డెబియన్, రెడ్‌హ్యాట్ కుటుంబాల పంపిణీలు దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌కు తమ వ్యవస్థకు తగ్గట్టు అతుకు వేసినందువల్ల ఆ లైబ్రరీ లాగిన్ సర్వర్‌లోకి చేరింది. అసలు ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్‌కు దానితో సంబంధమే లేదు. మార్చి 29న ఆ సంగతి బయటపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపర్. డెబియన్ మీద డేటాబేస్ వేగం కొలుస్తూ, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి ఆయన వెతకడం మొదలుపెట్టారు.

పరీక్షల లెక్క

కోడ్ రాయడం ఒకసారి ఖర్చు, పరీక్షించడం నిత్య ఖర్చు. ఒక ప్రాజెక్టు నాలుగు లినక్స్ పంపిణీలకూ, విండోస్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీలకూ మద్దతు ఇస్తుందనుకుంటే వేదికలు 7. ఒక్కొక్కదానిలో రెండు వెర్షన్లంటే 14. ఇంటెల్, ఆర్మ్ ప్రాసెసర్లు రెండింటి మీదా అంటే 28. పోస్ట్‌గ్రెస్‌లాగా ప్రతి ప్రధాన వెర్షన్‌కూ ఐదేళ్ల మద్దతు ఇస్తే ఒకేసారి ఐదు వెర్షన్లు నడుస్తుంటాయి, లెక్క 140కి చేరుతుంది. కొత్తగా ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ చేర్చితే పెరిగేది ఒకటి కాదు, ఇరవై. ప్రతి భద్రతా సవరణ ఈ గళ్లన్నిటి మీదుగా వెళ్లాలి.

పోస్ట్‌గ్రెస్ ఈ భారాన్ని 2004 నుంచి బిల్డ్‌ఫార్మ్ అనే ఏర్పాటుతో పంచుకుంటోంది. ఆండ్రూ డన్‌స్టన్ మొదలుపెట్టిన ఈ పద్ధతిలో యంత్రాలు ప్రాజెక్టువి కావు. ఆసక్తి ఉన్న వ్యక్తులు, సంస్థలు తమ యంత్రాన్ని నమోదు చేస్తాయి. కోడ్ మారినప్పుడల్లా ఆ యంత్రం కొత్త ప్రతిని తెచ్చుకుని, కట్టి, పరీక్షించి, ఫలితాన్ని ఉమ్మడి పట్టికకు పంపుతుంది. ఒక గడి ఎర్రబడితే, అంటే పరీక్ష విఫలమైతే, ఆ మార్పు చేసినవారు తామెన్నడూ ముట్టని వ్యవస్థలో ఏం జరిగిందో తవ్వుకోవాలి. ఆ వ్యవస్థ తెలిసినవారు అందుబాటులో లేకపోతే రోజులు గడుస్తాయి. యంత్రాల ధరలోనూ సమానత్వం లేదు. మ్యాక్‌ఓఎస్‌ను ఆపిల్ యంత్రాల మీదే నడపాలని దాని లైసెన్సు చెబుతుంది. పరీక్షలు నడిపిపెట్టే గిట్‌హబ్ యాక్షన్స్ సేవ ప్రైవేటు ప్రాజెక్టుల కోసం చాలా ఏళ్లు లినక్స్ నిమిషాన్ని ఒకటిగా లెక్కిస్తే, విండోస్‌ను రెండుగా, మ్యాక్‌ఓఎస్‌ను పదిగా లెక్కకట్టింది.

లినక్స్ లోపలి తేడాలు

విండోస్‌ను పక్కన పెట్టినా ఖర్చు సున్నా కాదు. డెబియన్, ఉబుంటు, రెడ్‌హ్యాట్, ఆల్పైన్ వంటి పంపిణీలన్నీ లినక్స్ కెర్నెల్‌నే వాడినా, ప్యాకేజీల పద్ధతీ, లైబ్రరీల వెర్షన్లూ, ఫైళ్లు ఉండే చోట్లూ, మద్దతు గడువులూ వేరు. ప్రాజెక్టు విడుదల చేసిన కోడ్‌ను తమ పంపిణీకి తగ్గట్టు ప్యాకేజీగా మలిచేది ప్యాకేజీ నిర్వాహకులు. వీరిలో చాలామంది స్వచ్ఛంద కార్యకర్తలే.

కోహా ఇందుకు దగ్గరి ఉదాహరణ. న్యూజీలాండ్‌లోని హొరోఫెనువా గ్రంథాలయాల కోసం రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు భారతదేశంలో ఎన్నో కళాశాలలు వాడుతున్నాయి. తొలి రోజుల్లో దానికి విండోస్ రూపమూ ఉండేది. కానీ కోహా ఒంటరి ప్రోగ్రామ్ కాదు. పెర్ల్ మాడ్యూళ్ల పెద్ద దండు, అపాచీ, మరియాడీబీ, జీబ్రా శోధన యంత్రం, వేళకు పనులు నడిపే క్రాన్ కలిస్తేనే కోహా. వీటన్నిటినీ విండోస్ మీద ఒక్కతాటి మీద నడిపేందుకు మనుషులు నిలవలేదు. ఆ రూపం ఆగిపోయి, డెబియన్, ఉబుంటుల ప్యాకేజీలే ప్రధాన దారి అయ్యాయి. ఫలితంగా ఆ దారిలో స్థాపన కొద్ది ఆదేశాలతో ముగుస్తుంది. ఆరు నెలలకొకసారి వచ్చే కొత్త వెర్షన్‌కు మారడమూ అంతే. బీదర్‌లోని గ్రంథాలయం కౌంటర్ దగ్గర కంప్యూటర్లు విండోస్‌తోనే ఉండవచ్చు, బ్రౌజర్ చాలు. సర్వర్ ఒక్కటి ఉబుంటు మీద ఉంటే సరిపోతుంది. ఆ ఒక్క యంత్రాన్ని చూసుకోవడానికి ఒక మనిషికి శిక్షణ ఇప్పించడం సంస్థ వంతు ఖర్చు.

ఒకే పంపిణీని నమ్ముకున్నా చిక్కు రావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రిలో మొదలైన బామ్నీ, చిన్న ఆస్పత్రుల కోసం థాట్‌వర్క్స్ సంస్థ కట్టిన ఓపెన్ సోర్స్ వ్యవస్థ. రోగుల రికార్డులకు ఓపెన్ఎంఆర్ఎస్, పరీక్షలకు ఓపెన్ఎలిస్, బిల్లులకు ఓడూ కలిపి కుట్టింది. ఇన్ని భాగాలను అనేక వేదికల మీద పరీక్షించడం అసాధ్యమని, చాలా ఏళ్లు సెంటోస్ అనే లినక్స్ పంపిణీ ఒక్కదానికే ప్యాకేజీలు ఇచ్చింది. అది తెలివైన పొదుపే. అయితే 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8ని 2021 డిసెంబరు 31తో ఆపేస్తున్నామని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. సెంటోస్ 7 గడువు కూడా 2024 జూన్‌తో తీరింది. బామ్నీ ఈలోగా, సర్వర్‌నూ దాని లైబ్రరీలనూ కలిపి కట్టే డాకర్ కంటైనర్ల బాట పట్టింది.

బాధ్యత ఎవరిది

ఇన్ని అనుభవాల తరవాత ప్రాజెక్టులు ఒక నియమానికి వచ్చాయి: చూసుకునే మనిషి ఉన్న వేదికకే మద్దతు. పైథాన్ భాష దీన్ని లిఖిత విధానంగా పెట్టుకుంది. మొదటి శ్రేణి వేదిక మీద పరీక్ష విఫలమైతే విడుదలే ఆగుతుంది. రెండో శ్రేణిలో చేరాలంటే కనీసం ఇద్దరు, మూడో శ్రేణికి కనీసం ఒక్కరు ప్రధాన డెవలపర్లు పేరు పెట్టి బాధ్యత తీసుకోవాలి. ఆ పేర్లు లేకపోతే మద్దతు లేదు. పోస్ట్‌గ్రెస్ ఇదే తర్కంతో 16వ వెర్షన్‌లో హెచ్‌పీ-యూఎక్స్ వ్యవస్థను, 2024లో వచ్చిన 17వ వెర్షన్‌లో ఐబీఎం వారి ఏఐఎక్స్‌ను వదిలేసింది. ఏఐఎక్స్ కోసం ప్రత్యేక అతుకులు పెరిగాయి, వాటిని చూసేవారు తగ్గారు. తొలగించాక ఐబీఎం ఇంజినీర్లే ముందుకొచ్చి, తిరిగి చేర్పించే ప్రయత్నం మొదలుపెట్టారు. వేదికతో లాభపడే సంస్థ దాని భారంలో పాలుపంచుకోవడం న్యాయమైన పద్ధతి.

ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ 1999 నుంచి పనినే రెండుగా పంచుకుంది. ఒక బృందం ఓపెన్‌బీఎస్‌డీ కోసం మాత్రమే శుభ్రమైన కోడ్ రాస్తుంది. మరో బృందం దాన్ని మిగతా వ్యవస్థలకు తగ్గట్టు మలుస్తుంది. ఈ రెండో రూపానికి వెర్షన్ సంఖ్య చివర పి1 వంటి గుర్తు ఉంటుంది. ప్రధాన కోడ్ చదవడానికి సులువుగా ఉండటం ఇందులో లాభం. అయినా తేడాల ప్రమాదం పూర్తిగా పోదు. 2024 జూలై 1న భద్రతా సంస్థ క్వాలిస్ బయటపెట్టిన రిగ్రెషన్ అనే లోపం జీలిబ్‌సీ వాడే లినక్స్ వ్యవస్థలను తాకింది, ఓపెన్‌బీఎస్‌డీని తాకలేదు. సంకేతం అందినప్పుడు నడిచే కోడ్ లాగ్ రాస్తుంది; ఓపెన్‌బీఎస్‌డీలో ఆ సమయంలో వాడదగ్గ సురక్షిత లాగ్ కాల్ 2001 నుంచి ఉంది, జీలిబ్‌సీలోది ఆ సమయంలో సురక్షితం కాదు.

వైవిధ్యం తెచ్చే లాభం

అనేక వేదికల మద్దతు వట్టి భారమే అయితే అందరూ ఎప్పుడో మానేసేవారు. వేరే కంపైలర్, వేరే ప్రాసెసర్, వేరే కెర్నెల్ ప్రోగ్రామ్‌లో దాగిన తప్పులను బయటికి లాగుతాయి. ఒక వ్యవస్థలో అదృష్టవశాత్తు నడిచే తప్పు కోడ్ ఇంకో వ్యవస్థలో వెంటనే కూలుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ బృందం పాత ప్రాసెసర్లను కూడా నిలుపుకోవడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. వాడుకరికి స్వేచ్ఛ కూడా ఉంటుంది: ఒక సంస్థ తన నిర్ణయం మార్చుకుంటే, సెంటోస్ విషయంలో జరిగినట్టు, వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి.

2013లో వచ్చిన డాకర్, 2016లో విండోస్‌లో చేరిన లినక్స్ ఉపవ్యవస్థ ఈ లెక్కను కొంత మార్చాయి. సర్వర్‌తో పాటు దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ ఒకే కంటైనర్‌లో కట్టి ఇస్తే పంపిణీల మధ్య తేడాలు చాలావరకు పోతాయి. రెడిస్ కూడా విండోస్ వాడుకరులకు ఇప్పుడు ఈ ఉపవ్యవస్థనే చూపిస్తుంది. అయితే కంటైనర్ లోపలి లైబ్రరీలకు భద్రతా సవరణలు వేసే బాధ్యత పంపిణీ నుంచి కంటైనర్ కట్టినవారికి మారుతుంది. కంటైనర్ కెర్నెల్‌ను మోసుకురాదు కాబట్టి ఎఫ్‌సింక్ లాంటి తేడాలు అలాగే ఉంటాయి. అన్నీ లినక్స్ మీదికే చేరితే, ఇతర వ్యవస్థలు పట్టించే తప్పులు పట్టుబడకుండా మిగిలిపోతాయి.

సంస్థలు చూసుకోవలసినవి

ఈ ఖర్చును లెక్కలోకి తీసుకుని ఎంచుకుంటే చిన్న సంస్థకు ఓపెన్ సోర్స్ నిజంగానే చవక. మొదట, ప్రాజెక్టు తానే పరీక్షించే వేదికను ఎంచుకోవాలి. నడవవచ్చు అన్నదానికీ, పరీక్షిస్తాం అన్నదానికీ చాలా దూరం ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ మద్దతు గడువు, సర్వర్ వెర్షన్ మద్దతు గడువు రెండూ చూసి, ముందు తీరేదాని ప్రకారం మార్పుకు సమయం కేటాయించుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినప్పుడు ఫైళ్లను యథాతథంగా తరలించకుండా, డేటాబేస్‌ను పాతచోట అక్షరరూపంలో దింపి కొత్తచోట ఎక్కిస్తే ఇండెక్స్‌లు కొత్త నియమాలతోనే కట్టుకుంటాయి; తెలుగు, కన్నడ, ఉర్దూ పేర్లున్న జాబితాలకు ఇది తప్పనిసరి జాగ్రత్త.

మిగిలేది వంతు చెల్లించడం. భారత ప్రభుత్వం 2015 మార్చిలో తెచ్చిన విధానం తన కార్యాలయాలను ఓపెన్ సోర్స్ వైపు నడిపింది. ప్రభుత్వ సంస్థ సీడాక్ డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్‌ను నిలబెట్టింది. వాడుకరులు ఇలా పెరిగినంతగా నిర్వాహకులు పెరగాలి. డబ్బు ఇవ్వలేని కళాశాల కూడా ఇవ్వగలిగినవి ఉన్నాయి: పరీక్షలకు ఒక పాత యంత్రం, సరిగ్గా రాసిన బగ్ నివేదిక, తెలుగు అక్షర క్రమం మీద ఒక పరీక్ష, ఇంజినీరింగ్ విద్యార్థుల సెమిస్టర్ ప్రాజెక్టు. ఒక వేదికకు మద్దతు నిలిచేది దాన్ని వాడేవారి సంఖ్యను బట్టి కాదు, దాన్ని చూసుకుంటామని పేరు పెట్టినవారిని బట్టి.